ఏట్రియల్ ఫిబ్రిలేషన్: దడ తగ్గింది కదా, మాత్ర మానేయొచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండు నెలల కిందట గుండె దడగా ఉందంటే ఈసీజీ తీసి గుండె లయ తప్పే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్) అన్నారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, రక్తం గడ్డ కట్టకుండా చూసే అపిక్సబాన్ రాశారు. వారం తిరిగేసరికి దడ తగ్గిపోయింది. ఇప్పుడాయన ‘బాగానే ఉన్నాను, రక్తం పల్చబడే మాత్ర నాకెందుకు’ అంటున్నారు. బాబాయిగారేమో ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) చాలంటున్నారు. పక్కింటివారు ఆకుకూరలు, కాఫీ మానమన్నారు. అమెరికాలో ఉన్న చెల్లెలు మెగ్నీషియం, ఫిష్ ఆయిల్ పంపించింది. మాత్ర మానేయొచ్చా, ఆహారంతోనే అదుపు చేయొచ్చా, గుండెలోకి తీగ పంపి చేసే అబ్లేషన్ చేయించాలా, అలిపిరి మెట్ల మొక్కు తీర్చుకోనివ్వొచ్చా అని మీరు అడిగారు.

ముందు ఒక్క మాట. ఈ ప్రశ్నల్లో మీ నాన్నగారి ప్రాణానికి సంబంధించింది మొదటిదే. అపిక్సబాన్ మానకూడదు. ఆయనకున్న దడ, ఆ మాత్ర అడ్డుకునే ప్రమాదం, రెండూ వేరువేరు సంగతులు. పాతికేళ్లుగా గోదావరి జిల్లాల్లో ఫిజీషియన్‌గా చూస్తున్నాను, పేషెంట్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

గుండె పైగదులను కర్ణికలు అంటారని బళ్లో చదువుకున్నాం కదా. అవి నిమిషానికి డెబ్భై ఎనభై సార్లు ముడుచుకుని కింది గదుల్లోకి రక్తం నెట్టాలి. ఏఎఫ్‌లో వాటిలో కరెంటు గజిబిజిగా తిరుగుతుంది. నిమిషానికి 350 నుంచి 600 సార్లు సంకేతాలు పుడతాయి, కర్ణికలు ముడుచుకోవడం మానేసి వణుకుతూ ఉంటాయి. మధ్యలో ఉన్న ఏవీ నోడ్ కాపలాదారులా చాలావాటిని ఆపి కొన్నిటినే కిందికి వదులుతుంది, అదీ ఒక వరస లేకుండా. అందుకే నాడి పట్టుకుంటే తాళం తప్పిన డప్పులా తగులుతుంది. మీరే చూడొచ్చు. నాన్నగారి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, మీ మూడు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఈ జబ్బులో లెక్క తప్పుతుంది. ఇంట్లో డిజిటల్ బీపీ మిషన్ కూడా ఇలాంటి నాడిలో ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. మూడుసార్లు చూసి సగటు రాసుకోండి, ఒక్క రీడింగ్ చూసి టెన్షన్ పడకండి.

మెటోప్రొలాల్ చేసే పని ఆ కాపలాదారును కాస్త కఠినంగా మార్చడం. కిందికి దిగే దెబ్బలు తగ్గుతాయి, దడ తగ్గుతుంది. పైన వణుకు మాత్రం అలాగే ఉండొచ్చు. వణికే కర్ణికలో, ముఖ్యంగా ఎడమ కర్ణికకు చిన్న చెవిలా అతుక్కుని ఉండే సంచిలో, రక్తం కదలక నిలిచిపోతుంది. నిలిచిన చోట గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళ్లిందా, పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవారికి పక్షవాతం అవకాశం లేనివారికన్నా దాదాపు అయిదు రెట్లని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే లెక్క చెప్పింది. పైగా ఈ గడ్డలు పెద్దవి. మామూలు స్ట్రోక్‌లో చెయ్యో మూతో పోతే, వీటివల్ల మంచాన పడేవారు ఎక్కువ.

ఎవరికి మాత్ర అవసరమో తేల్చడానికి ‘చాడ్స్-వాస్క్’ అనే స్కోరు ఉంది. గుండె బలహీనతకు ఒకటి, బీపీకి ఒకటి, షుగర్‌కు ఒకటి, 65 నుంచి 74 ఏళ్లలోపు ఒకటి, 75 నిండితే రెండు, ఇదివరకు స్ట్రోక్ వచ్చి ఉంటే రెండు, గుండె లేదా కాళ్ల రక్తనాళాల జబ్బు ఉంటే ఒకటి. ఆడవారికి అదనంగా ఒకటి కలిపేవారు, 2024లో యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. మీ నాన్నగారికి వయసు, బీపీ, షుగర్ కలిపి మూడు. రెండు, ఆపైన ఉంటే మాత్ర వేసుకోవాల్సిందే. స్కోరులో దడ ఎంతుందన్న లెక్క ఎక్కడా లేదు, గమనించండి. వచ్చిపోయే ఏఎఫ్ అయినా, అసలు ఏమీ తెలియని ఏఎఫ్ అయినా స్కోరే నిర్ణయిస్తుంది.

బాబాయిగారి ఎకోస్ప్రిన్ సంగతి. ఆస్పిరిన్ గుండెపోటుకు మంచి మందే. ఏఎఫ్‌లో గడ్డ కట్టే తీరు వేరు, అక్కడ దాని పని చాలా తక్కువ. వార్ఫరిన్ లాంటివి పక్షవాతాన్ని మూడింట రెండు వంతులు తగ్గిస్తే ఆస్పిరిన్ అయిదో వంతు తగ్గిస్తుంది, అంతే. 2011లో వచ్చిన అవెరోస్ ట్రయల్‌లో వార్ఫరిన్ పడని 5,599 మందికి సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి అపిక్సబాన్ ఇచ్చారు. ఏడాదికి నూటికి ఆస్పిరిన్‌తో 3.7 మందికి, అపిక్సబాన్‌తో 1.6 మందికి స్ట్రోక్ వచ్చింది. పెద్ద రక్తస్రావాలు రెండింటిలో దాదాపు సమానం. అంటే ఆస్పిరిన్ వల్ల పెద్దగా కాపుదల రాదు, రక్తస్రావం భయం మాత్రం అలాగే ఉంటుంది. ‘చిన్న మాత్ర, ప్రమాదం లేదు’ అన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఊరూరా పాతుకుపోయింది.

ఒక పెద్దాయన గుర్తొస్తున్నారు. కొబ్బరితోట ఉన్న మనిషి, మాట పట్టింపు. మాత్ర మొదలుపెట్టిన నాలుగు నెలలకు గడ్డం గీసుకుంటూ చెంప కోసుకున్నారు. అరగంట రక్తం ఆగలేదట. ‘ఒళ్లంతా నీళ్లయిపోయింది’ అని మాత్ర ఆపేశారు. నాడి చూడ్డానికి రమ్మంటే దడ లేదుగా అన్నారు. ఆరు వారాలకు తెల్లవారుజామున కుడివైపు పడిపోయింది. ఇప్పుడు నడుస్తారు, మాట మాత్రం పూర్తిగా రాలేదు. కోసుకున్న చోట పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమిపెట్టాలని ఆయనకు ముందే చెప్పకపోవడం నా తప్పే. అప్పటినుంచి మందు రాసిన రోజే అది చెబుతున్నాను. అసలు ఈ మందులు రక్తాన్ని పల్చన చేయవు. గడ్డ కట్టే పనిని నెమ్మది చేస్తాయి. ఆ పేరు మార్చగలిగితే సగం భయం పోతుంది.

ఇక ఆకుకూరలు. ఈ సలహా పాత మందులతో వచ్చింది. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా వాడే అసిట్రోమ్, విటమిన్ కె మీద పని చేస్తాయి. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకులో ఆ విటమిన్ బాగా ఉంటుంది. కాబట్టి ఆ మందుల మీద ఉన్నవారు ఒక వారం రోజూ గోంగూర, తర్వాత నెల అసలు లేకుండా తింటే ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డ కట్టే తీరు చెప్పే పరీక్ష అంకె, అటూ ఇటూ ఊగుతుంది. అలాగని మానేయమనడం కూడా తప్పే. ఎప్పుడూ దాదాపు ఒకే మోతాదులో తింటూ, దానికి తగ్గట్టు మందు సరిచేయించుకుని, ఐఎన్‌ఆర్ రెండుకు మూడుకు మధ్య ఉంచుకోవాలి. మీ నాన్నగారు వాడే అపిక్సబాన్‌కు విటమిన్ కె తో పనిలేదు. పప్పులో తోటకూర నిశ్చింతగా వేయండి. బీపీకి, షుగర్‌కు అది మంచిదే.

అయితే ఆయన ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఒకసారి తీసి చూడండి. మైట్రల్ వాల్వ్ సన్నబడిందని, అంటే మైట్రల్ స్టెనోసిస్ మధ్యస్థంగా లేదా తీవ్రంగా ఉందని రాసి ఉంటే కథ మారుతుంది. చిన్నప్పుడు గొంతునొప్పితో వచ్చే రుమాటిక్ జ్వరం వదిలివెళ్లే జబ్బు అది. పాశ్చాత్య దేశాల్లో అరుదైపోయింది, మన దగ్గర ఇంకా ఉంది. అలాంటి రోగులతో 24 దేశాల్లో జరిపిన ఇన్విక్టస్ ట్రయల్ 2022లో వెలువడింది. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న గణేశన్ కార్తికేయన్ దానికి ముఖ్యుడు. అపిక్సబాన్ లాంటి కొత్తరకం మందైన రివరోక్సబాన్‌కన్నా పాత మందులతోనే మరణాలు, స్ట్రోక్‌లు తక్కువని తేలింది. లోహపు వాల్వ్ వేసినవారికీ పాత మందే. మిగతా అందరికీ కొత్తవే మేలు. ఐఎన్‌ఆర్ గొడవ ఉండదు, మెదడులో రక్తస్రావం తక్కువ. పేటెంట్లు తీరాక ధర కూడా దిగింది.

కొత్త మందులో ఉన్న చిక్కు ఒకటే. దాని ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. రెండు పూటలు వరసగా మరిచిపోతే ఆయన కాపుదల లేకుండా ఉన్నట్టే. ఒక పూట మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతిది మామూలు వేళకే. రెండూ కలిపి వేయొద్దు. ఏడాదికోసారైనా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించండి. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చేవారికైతే మూడు నాలుగు నెలలకోసారి చూస్తాం. అపిక్సబాన్ మోతాదు సగానికి తగ్గించడానికి లెక్క ఉంది: 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ, వీటిలో ఏ రెండైనా ఉండాలి. ‘పెద్దవారు కదా’ అని ఊరికే సగం మాత్ర ఇవ్వడం నేను తరచూ చూస్తుంటాను. సగం మోతాదుతో పూర్తి భద్రత దక్కదు.

మాత్రకన్నా నాకు ఎక్కువ భయం మెడికల్ షాపు మీద. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి అడిగితే ఇచ్చేస్తారు. అపిక్సబాన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యేది వీటివల్లే. నొప్పికి పారాసిటమాల్ చాలు. అలాగే జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించుకోవడం మానాలి, కండలో రక్తం గూడుకట్టి కాలు వాచిపోతుంది. పన్ను తీయించుకోవాలన్నా, కంటిలో శుక్లం ఆపరేషన్‌కైనా మీ డాక్టరును అడక్కుండా మందు ఆపొద్దు. ఈ చిన్నవాటికి చాలాసార్లు ఆపనక్కర్లేదు. మలం తారులా నల్లగా వస్తే, మూత్రంలో ఎరుపు కనిపిస్తే, తలకు దెబ్బ తగిలితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

మెటోప్రొలాల్ గురించి షుగర్ ఉన్నవారికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. షుగర్ పడిపోయినప్పుడు సాధారణంగా గుండె దడదడలాడి హెచ్చరిస్తుంది. ఈ మందు ఆ దడను కప్పేస్తుంది. చెమటలు మాత్రం పడతాయి. కారణం లేకుండా చెమట పట్టి తడబడుతుంటే గ్లూకోమీటర్ తీయండి. ఇంకొకటి, ఈ మందు హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఎదురుతిరిగి ఎక్కువవుతుంది. నిమిషానికి ఎంత ఉండాలన్నది మీరు అడగలేదు గానీ చెబుతాను. నెదర్లాండ్స్‌లో 2010లో రేస్-2 అనే అధ్యయనం విశ్రాంతిలో 110 లోపు ఉంటే, 80 లోపు గట్టిగా అదిమిన దానికి తీసిపోదని చూపింది. కాబట్టి 88 ఉందని కంగారుపడి మాత్ర పెంచమనకండి. ఆయాసం, కాళ్లవాపు ఉంటే, ఎకోలో గుండె బలం తగ్గినట్టు ఉంటే మాత్రం లెక్క వేరు.

అబ్లేషన్ మాటకొద్దాం. ఏఎఫ్‌ను రేగ్గొట్టే నిప్పురవ్వల్లో 90 శాతానికి పైగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాలుగు సిరల దగ్గరే పుడుతున్నాయని ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం 1998లో కనిపెట్టింది. తొడ దగ్గరి నుంచి తీగ పంపి ఆ సిరల చుట్టూ కాల్చిగానీ, అతిచల్లదనంతో గడ్డకట్టించిగానీ, ఇప్పుడు వస్తున్న పల్స్ ఫీల్డ్ (విద్యుత్ పల్సుల) పద్ధతిలోగానీ కరెంటును అక్కడే ఆపేయడమే అబ్లేషన్. వచ్చిపోయే ఏఎఫ్‌లో బాగా పని చేస్తుంది. ఏళ్ల తరబడి పాతుకుపోయి కర్ణిక సాగిపోయాక ఫలితం తక్కువ, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. గుండె చుట్టూ రక్తం చేరడం లాంటి ప్రమాదాలు తక్కువే గానీ ఉన్నాయి.

లయను సరిచేయాలా, వేగాన్ని అదుపు చేసి వదిలేయాలా అన్నది పాత తగువు. 2002లో అఫర్మ్ అధ్యయనం రెండూ ఒకటేనంది. 2020లో ఈస్ట్ అధ్యయనం ఏడాదిలోపు బయటపడినవారిలో మొదటినుంచే లయను కాపాడితే గుండె మరణాలు, స్ట్రోక్‌లు, గుండె వైఫల్యం తగ్గుతున్నాయని చూపి ఆ అభిప్రాయాన్ని కదిలించింది. మీ నాన్నగారికి రెండు నెలలే అయింది. కాబట్టి గుండె కరెంటు చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్టును ఒక్కసారి కలవడం నా సలహా. చేయించుకోమని కాదు, వయసు మీద పడి కర్ణిక ఇంకా సాగకముందే ఆ మాట మాట్లాడుకోవాలని. వాళ్లు లయ సరిచేసే మందు అమియోడరోన్ రాస్తే మాత్రం ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు తప్పవు. అబ్లేషన్ అయ్యాక కూడా స్కోరు మూడు ఉన్నవారు అపిక్సబాన్ వేసుకుంటూనే ఉండాలి. ‘ఆపరేషన్ అయింది, ఇక మాత్ర ఎందుకు’ అన్న ప్రశ్న అప్పుడు మళ్లీ వస్తుంది, ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఆహారం, అలవాట్ల వల్ల ప్రయోజనం ఉందా అంటే, మందుకు బదులుగా లేదు, మందుతో పాటు చాలా ఉంది. అన్నిటికన్నా బరువు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో లెగసీ అధ్యయనం 355 మంది లావుపాటి ఏఎఫ్ రోగులను అయిదేళ్ల దాకా గమనించి 2015లో ఫలితం చెప్పింది. పదోవంతు బరువు తగ్గించి నిలుపుకున్నవారిలో దాదాపు సగం మందికి మందులు, అబ్లేషన్ లేకుండానే ఏఎఫ్ రాకుండా ఉంది. మూడు శాతం కూడా తగ్గనివారిలో అలా ఉన్నది నూటికి పదమూడు మందే. బరువు తగ్గి మళ్లీ పెరిగి ఊగిసలాడినవారికి లాభం కరిగిపోయింది. నాన్నగారి బరువు మీరు రాయలేదు. 80 కిలోలుంటే ఎనిమిది కిలోలు తగ్గాలన్న మాట. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, కూర ఎక్కువ, సాయంత్రం పకోడీలు ఆదివారానికి పరిమితం చేస్తే ఏడాదిలో సాధ్యమే. ఆరు వారాల్లో చేయాలని చూడొద్దు.

రెండోది ఉప్పు, దాని ద్వారా బీపీ. రోజుకు ఉప్పంతా కలిపి అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ అన్నం, అప్పడం, మజ్జిగలో ఉప్పు, ఊరమిరపకాయ, ఒక్క మధ్యాహ్న భోజనంతోనే ఆ లెక్క దాటిపోతుంది. ఆవకాయ మానమని నేను ఏ గోదావరి మనిషికీ చెప్పను, చెప్పినా వినరు. మొదటి ముద్దకు కాస్త అంటించుకోండి, అప్పడం ఆపండి, కూరలో ఉప్పు తగ్గించండి.

మద్యం అలవాటు ఉంటే అదే మొదట ఆపాలి. దసరాకో సంక్రాంతికో నాలుగు రోజులు తాగి దడతో వచ్చే కేసులు మాకు పండగ తర్వాత ఖాయం. 1978 నుంచే దీనికి ‘హాలిడే హార్ట్’ అన్న పేరుంది. ఆస్ట్రేలియాలోనే 140 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. తాగుడు మానమన్న గుంపులో ఆరు నెలల్లో 53 శాతం మందికి ఏఎఫ్ తిరిగొస్తే, ఎప్పటిలా తాగినవారిలో 73 శాతం మందికి వచ్చింది.

కాఫీ మానక్కర్లేదు. ఇన్నాళ్లూ మేమే మానమన్నాం, నేనూ చెప్పాను. 2025లో వచ్చిన డెకాఫ్ ట్రయల్‌లో షాక్ ఇచ్చి లయ సరిచేసిన 200 మందిలో కాఫీ తాగినవారికే ఏఎఫ్ తిరిగిరావడం తక్కువ, 47 శాతం. మానినవారిలో 64. దాన్నిబట్టి కాఫీని మందులా తాగమని కాదు, ఉదయం ఫిల్టర్ కాఫీ ఆయన్నుంచి లాక్కోవద్దని. తాగిన ప్రతిసారీ దడ వస్తుంటే మాత్రం ఆయన ఒళ్లే చెబుతోంది, వినాలి.

చెల్లెలు పంపిన ఫిష్ ఆయిల్ పక్కన పెట్టండి. ఎక్కువ మోతాదు ఒమేగా-3 మాత్రలతో ఏఎఫ్ పెరిగినట్టు పెద్ద ట్రయల్స్‌లోనే కనిపించింది. కొర్రమేను పులుసుకు ఆ దోషం లేదు. మెగ్నీషియం రక్తపరీక్షలో తక్కువుంటేనే, కిడ్నీ బాగుంటేనే. తెల్లమద్ది చెక్క కషాయం, వెల్లుల్లి, పసుపు క్యాప్సూల్స్ లాంటివి అపిక్సబాన్‌తో కలిపి వాడొద్దు. కూరలో పసుపు, వెల్లుల్లి వేరే సంగతి.

గురక పెడతారా అని అమ్మగారిని అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే స్లీప్ స్టడీ చేయించాలి. అది సరిచేయకపోతే ఏఎఫ్ తిరగబెడుతూనే ఉంటుంది. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి. నడక రోజూ అరగంట. యోగా మీద కాన్సాస్‌లో ధనుంజయ లక్కిరెడ్డి బృందం 2013లో చిన్న అధ్యయనం చేసింది. మూడు నెలల్లో తెలిసేలా వచ్చే ఏఎఫ్ విడతలు సగటున 3.8 నుంచి 2.1కి తగ్గాయి. యాభై మంది లెక్కే కాబట్టి దాని మీద కోటలు కట్టను, నష్టం మాత్రం లేదు.

మూతి వంకర పోవడం, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా తగ్గుతుందేమో చూద్దామని కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. చివరి అపిక్సబాన్ ఎన్నింటికి వేసుకున్నారో డాక్టరుకు చెప్పాలి, వైద్యం దాని మీదే ఆధారపడుతుంది. మాత్రల పట్టీ ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.

మెట్ల మొక్కు. అలిపిరి దారి దాదాపు 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఎక్కడం కఠినం. ఇప్పుడే వద్దు. ఎకో బాగుండి, ఇంటి దగ్గర అరగంట చురుగ్గా నడిచినా ఆయాసం రాకుండా, నడక ఆపిన అయిదు నిమిషాలకు నాడి 110 లోపు దిగుతుంటే, రెండంతస్తుల మెట్లు మాట్లాడుతూ ఎక్కగలిగితే, మీ కార్డియాలజిస్టు సరేనంటే ఎండలు తగ్గాక వెళ్లొచ్చు. తెల్లవారకముందే మొదలుపెట్టి, ప్రతి వంద మెట్లకు కూర్చుని, నీళ్లు తాగుతూ. ఉపవాసంతో ఎక్కనివ్వొద్దు, షుగర్ మందు మీద ఉన్నారు. దారిలో తల తిరిగినా, గుండెల్లో పట్టేసినా అక్కడితో ఆపేయాలి. అపిక్సబాన్ రెండు పూటలవీ జేబులో ఉండాలి, క్యూలో ఎంతసేపవుతుందో తెలియదు.